వరద తీసింది, గోడ ఆరిందా?

కృష్ణ వరదల లెక్కలు మనకు నోటికి వచ్చు. 1903 అక్టోబరులో బెజవాడ ఆనకట్ట దగ్గర 10.60 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు 5న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.10 లక్షలు. 2024 సెప్టెంబరు 2న ఆ రికార్డునూ దాటి 11.43 లక్షలు. నీరు ఎంత వచ్చిందో, ఎక్కడ గండి పడిందో, ఎన్ని ఎకరాల పసుపు, అరటి పోయిందో అన్నీ చెప్పుకుంటాం. నీరు తీశాక అన్నవరపులంకలోనో, కొత్తూరులంకలోనో ఒక ఇల్లు ఎన్నాళ్లకు ఆరిందన్న లెక్క మాత్రం మనం రాసిపెట్టుకోలేదు. వరద నాలుగు రోజుల్లో పోతుంది. గోడలో దూరిన నీరు నెలల తరబడి ఉంటుంది, ఇంటిని తినేది అదే. ముప్పై ఏళ్లకు పైగా కట్టడాల పనిలో ఉన్నవాడిగా, మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ మాటే రాయాలనిపించింది.

తడిసినా ఆరే ఇళ్లు

1852–55 మధ్య కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. కాలవలు తవ్వారు, పశ్చిమ డెల్టా పచ్చబడింది. పంట డబ్బుతో ఊళ్లలో ఇటుక ఇళ్లు వచ్చాయి. ఆ పాత పెంకుటిళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిని ఇంజనీరు కంటితో చూడండి. నేల మీద నుంచి రెండు మూడు అడుగులు ఎత్తిన అరుగు, గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడ, దాని మీద సున్నపు పూత, ఏటేటా వెల్ల. ఇందులో నీటిని పూర్తిగా అడ్డుకునే పొర ఒక్కటీ లేదు. గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా లోపలి తేమ ఆవిరై బయటికి పోతుంది.

వెల్ల వేసే కాలం చూడండి. ధనుర్మాసంలో, సంక్రాంతి ముందు వేసేవారు. అప్పటికి తుఫానుల కాలం వెనకబడి, గాలి పొడిబారుతుంది. గోడ ఆరాక కొత్త పొర పడేది. పైగా సున్నం ఘాటుకు బూజు చచ్చేది. అది పండగ ఆచారం, అదే ఇంటి మరమ్మతు కూడా.

అంత మాత్రాన పాత రోజులన్నీ బంగారం అనను. లంకల్లో పేదల మట్టి గోడలు వరదకు నాని కూలేవి, మనుషుల మీద పడేవి. పక్కా ఇల్లు కావాలని అడగడంలో తప్పు లేదు. ఆ పక్కా ఇంటిని తడిసినప్పుడు ఎలా చూసుకోవాలో మాత్రం దానితో పాటు ఎవరూ నేర్పలేదు.

ఉప్పెన నేర్పిన పాఠం

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలోనూ చుట్టుపక్కలా పదివేల మందికి పైగా పోయారు. మన వైపు గాలివాన పెంకుల్నీ తోటల్నీ కొట్టింది. సముద్రం పొంగిన చోట్ల గోడలకు ఉప్పునీరు పట్టింది. ఉప్పు పట్టిన గోడది వేరే కథ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే గాలి నుంచి నీటిని పీల్చి కరుగుతుంది. మన డెల్టాలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ గీతకు పైనే ఉంటుంది. అందుకే ఉప్పునీట మునిగిన గోడ ఎండల్లో ఆరినట్టే కనిపించి, వాన మబ్బు పట్టగానే మళ్లీ చెమ్మ కక్కుతుంది. తీరం దగ్గర పాత ఇళ్లలో నడుం ఎత్తు వరకు పెచ్చులు రాలుతుంటే దానికి కారణం చాలాసార్లు పైకప్పు కారడం కాదు, గోడలో కూర్చున్న ఉప్పు. అలాంటి గోడకు పూత ఊడగొట్టి, మంచినీటితో కడిగి, ఉప్పు పైకి తేలినప్పుడల్లా పొడి బ్రష్షుతో తీసేయాలి తప్ప రంగు మార్చితే లాభం లేదు.

సిమెంటు వచ్చాక

2009 నాటికి ఇళ్లు మారిపోయాయి. సిమెంటు పూత, దాని మీద పుట్టీ, ప్లాస్టిక్ రంగు, కింద టైల్స్, గోడకు ఆనించిన ప్లైవుడ్ అల్మారాలు. ఆ అక్టోబరులో భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కరకట్ట తెగి నీరు రేపల్లె వైపు మళ్లింది. మన మండలంలో కరకట్టకూ నదికీ మధ్య ఉన్న లంకలు సరేసరి. నాకు తెలిసిన ఒక ఇంట్లో నీరు దిగిన మూడు వారాలకే గోడలకు పుట్టీ పెట్టి రంగు వేయించారు. పైకి ఆరినట్టే ఉంది మరి. సంక్రాంతికల్లా రంగు బుడగలు లేచింది, అల్మారా వెనక నల్లటి బూజు పట్టింది. మరుసటి ఏడాది అంతా ఊడగొట్టి మళ్లీ చేయించారు. అంటే రెండు ఖర్చులు.

ఎందుకలా అయింది? లెక్క వేద్దాం. పదడుగుల గది, తొమ్మిదంగుళాల గోడ, నాలుగడుగుల ఎత్తు మునిగింది. ఒక గోడలో ఆ ఎత్తు వరకు సుమారు 400 ఇటుకలుంటాయి. మూడు కిలోల ఇటుక అర లీటరు నీరు పీల్చిందనుకుంటే ఒక గోడలోనే 200 లీటర్లు, నాలుగు గోడల్లో 800 లీటర్లు. ఈ నీటిని ఆవిరి చేయడానికి సుమారు 540 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. ఆ ఆవిరిని మోసుకుపోయేది గాలి. హైస్కూల్లో సాపేక్ష ఆర్ద్రత అని చదువుకున్నాం కదా, అది పనికొచ్చేది ఇక్కడే. 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి మోయగలిగేది 30 గ్రాముల నీటి ఆవిరి. గాలిలో తేమ 80 శాతం ఉంటే అందులో 24 గ్రాములు అప్పటికే నిండి ఉన్నాయి, మిగిలిన చోటు 6 గ్రాములే. ఆ గది గాలి దాదాపు 4,700 సార్లు పూర్తిగా మారితే గానీ 800 లీటర్లూ బయటికి పోవు. తేమ 50 శాతానికి దిగితే 1,900 సార్లు చాలు. అక్టోబరులో కిటికీలు తీసిపెట్టి, ఫ్యాను వేసి కూర్చుంటే ఎందుకు ఆరదో ఇదీ సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి రోజుల్లో గోడ పైపొర నీరు తేలిగ్గా పోతుంది. తర్వాత లోపలి నీరు మెల్లగా పైకి రావాలి, అప్పుడు ఎంత గాలి కొట్టినా తొందరపడదు. పసుపు పండించే మనకు ఇది కొత్త కాదు. పైకి ఎండిన కొమ్మును విరిస్తే లోపల మెత్తగా ఉంటే దుగ్గిరాల యార్డుకు ఎవరూ తీసుకుపోరు. ధాన్యానికి 17 శాతం తేమ దాటితే కొనరని మిషను పెట్టి చూపిస్తారు. లక్షలు పోసి కట్టిన గోడకు మాత్రం చేత్తో తడిమి చూసి సరే అంటున్నాం.

ఆరబెట్టడం ఒక వృత్తి అయింది

గాలిలో తేమను లెక్కగా అదుపు చేయడం 1902లో మొదలైంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో కాగితం తేమకు సాగి రంగులు కుదరకపోతే విల్లిస్ క్యారియర్ దానికి యంత్రం రూపొందించాడు. గాలికీ తేమకూ వేడికీ ఉన్న సంబంధాన్ని 1911లో సూత్రాలుగా ప్రకటించాడు. స్వీడన్‌లో కార్ల్ మంటర్స్ 1955లో పెట్టిన సంస్థ తేమను పీల్చే చక్రంతో గాలిని పొడిచేసే యంత్రాలకు పేరు తెచ్చుకుంది. 1966 నవంబరులో ఇటలీలో ఫ్లోరెన్సు నగరం మునిగినప్పుడు చెక్క పలకల మీది పాత చిత్రాలను వేడి గాలితో ఆరబెట్టలేదు. ఎక్కువ తేమ ఉన్న గదిలో ఉంచి, ఆ తేమను మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చారు. త్వరగా ఆరితే చెక్క పగులుతుంది. మన టేకు తలుపులకూ అదే న్యాయం, నడి ఎండలో నిలబెడితే వంకర పోతాయి. నీట తడిసిన భవనాలను ఆరబెట్టే పనికి అమెరికాలో 1994లో ఎస్-500 అనే ప్రమాణ గ్రంథం తెచ్చారు. కొలవడం, గాలి ఆడించడం, తేమ లాగడం, మళ్లీ కొలవడం దాని సారం.

2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ మునిగినప్పుడు అక్కడి ఇళ్లలో తడిసిన జిప్సం పలకలను కోసి వీధిలో పారేసి, లోపలి చెక్క చట్రాన్ని ఆరబెట్టారు. అక్కడున్న మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఇటుక గోడను కోసి పారేయలేం కాబట్టి ఆ పద్ధతి మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. యంత్రం విషయంలో మాత్రం మన వాతావరణం అనుకూలమే. చల్లని తీగచుట్ట మీద తేమను నీరుగా మార్చే మామూలు డీహ్యూమిడిఫయర్ వేడిగా, తేమగా ఉన్న గాలిలోనే బాగా పనిచేస్తుంది. చాలా కంపెనీలు దాని సామర్థ్యాన్ని 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గరే చెబుతాయి. అది అచ్చంగా మన అక్టోబరు.

నీరు దిగాక చేయవలసింది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగింది. ఇళ్లలో బురద కడగడానికి అగ్నిమాపక శకటాలు వచ్చాయి. అది మంచి పని, ఒండ్రు గట్టిపడక ముందే కడగాలి. కడిగిన తర్వాత అసలు పని మొదలవుతుంది. క్రమంగా చెబుతాను.

ముందు కరెంటు మెయిన్ ఆపి, మునిగిన ప్లగ్గులన్నీ ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి. తడిసిన పరుపులు, ప్లైవుడ్ వెంటనే బయట పెట్టండి, ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఆయాసం ఉన్నవాళ్లనూ పసిపిల్లలనూ ఆ గదుల్లో పడుకోబెట్టవద్దు. గుల్లబారిన సిమెంటు పూతను నీటి గీతకు అడుగు పైదాకా ఊడగొట్టి ఇటుకను గాలికి వదలండి. యంత్రం లేకపోతే ఎండ ఉన్న వేళ, పదకొండు నుంచి నాలుగు దాకా, కిటికీలు తీసి ఫ్యాన్లు గోడ వారగా వీచేటట్టు పెట్టండి, రాత్రి మూసేయండి. యంత్రం నడిపితే తలుపులు మూసే నడపండి, తెరిచి పెడితే కృష్ణ ఒడ్డు గాలినంతా ఆరబెట్టబోయినట్టే. రంగు వేయబోయే ముందు మూరెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు చెమ్మ పట్టిందంటే గోడ ఆరలేదు. పండగ వెళ్లిపోయినా ఫరవాలేదు, ఆగండి. చివరికి సున్నపు వెల్ల వేస్తే మేలు, మిగిలిన తేమ దాని గుండా పోతుంది.

సంఘానికి ఒక విన్నపం

ఒక ఇంటివాడు డీహ్యూమిడిఫయర్ కొనుక్కుని పదేళ్లకు ఒకసారి వాడడం జరిగే పని కాదు. వరి నూర్పిడి మిషను ఊరంతా వాడుకున్నట్టు ఇదీ ఉమ్మడిగా ఉండాలి. రోజుకు 50 లీటర్లు లాగే యంత్రాలు నాలుగు, గాలి కొట్టే పెద్ద ఫ్యాన్లు పది, తేమ చూసే మీటర్లు కొన్ని మన సంఘం కొని, మన హైస్కూల్లోనే ఒక గదిలో ఉంచుదాం. పదో తరగతి పిల్లలకు ఏటా ఒక పూట వాటి వాడకం నేర్పుదాం. సైన్సు పాఠం అయినట్టూ ఉంటుంది, లంకల్లో చుట్టాలున్న పిల్లలకు అక్కర తీరినట్టూ ఉంటుంది. వరద వచ్చినప్పుడు ముందు ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లకు ఇద్దాం, ఒక్కో ఇల్లు ఎన్ని రోజులకు ఆరిందో పుస్తకంలో రాద్దాం. మొదట్లో చెప్పిన రాయని లెక్క అలా మొదలవుతుంది. మొదటి యంత్రం ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. మిగిలిన బ్యాచ్‌ల అన్నలూ అక్కలూ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ముందుకొస్తే వచ్చే వానాకాలం లోపు గది సిద్ధమవుతుంది.