లంకె

విశాఖ రుషికొండ ఐటీ ఆఫీసుల్లో ఫైళ్లు కలవక సాఫ్ట్‌వేర్ బిల్డ్ ఆగితే ‘లింకు తెగింది’ అంటున్నారు. కలవనిది ఎలా తెగుతుంది? ‘లంకె కుదరలేదు’ అనాలి. ఇంగ్లీషు లింక్ మొదట్లో గొలుసు కడియం. మన రేవులో ఓడల లంగరు గొలుసులకు ఉండేవి అవే. లంగరేమో పారశీకం. లంకె మాత్రం మనదే, లంకెబిందెలే సాక్ష్యం. ఇప్పుడు పత్రికల్లో ‘ఆధార్‌తో లంకె’ అంటే షరతు. బిల్డ్‌లో లంకె కుదరకపోవడానికి ఒక కారణం ఇదీ: 2010లో జీసీసీ కంపైలర్ 4.5 వెర్షన్ తెచ్చిన లింక్-టైమ్ ఆప్టిమైజేషన్‌లో, కంపైలర్ ఆబ్జెక్ట్ ఫైల్లో ఇప్పుడు మామూలుగా యంత్రభాషకు బదులు తన అంతర్గత రూపాన్ని దాస్తుంది. ఆ రూపం వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఒక జీసీసీ రాసింది మరో జీసీసీ తిరస్కరించవచ్చు. క్లాంగ్ అనే మరో కంపైలర్‌ది వేరే రూపం. తగిన ప్లగిన్ గానీ సొంత సామర్థ్యం గానీ లేకపోతే, ఫైళ్లను కలిపే లింకర్‌కు రెండూ అర్థంకావు. యంత్రభాషనూ కలిపి ఉంచే ‘ఫ్యాట్’ ఆబ్జెక్టులు వాడితే, ఫైలు బరువెక్కినా మామూలు లంకె కుదురుతుంది.