నూకగింజ మీద రెండక్షరాలు

మా కారు ఆంప్లిఫయర్‌లో ఎడమ ఛానెల్ మూగబోయింది. షాపతను చూసి "బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. నేనేమో ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి (మనలో చాలామంది అంతే కదా). పౌరుషం పొడుచుకొచ్చింది. ఆదివారం పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్, భూతద్దం ముందేసుకుని కూర్చున్నా.

దొంగ దొరికాడు. వోల్టేజ్ ఆంప్లిఫయర్ స్టేజిలో నూకగింజంత ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయింది. నెత్తిమీద "1ఏ" అనుంది, పక్కనే చిన్నక్షరాల్లో ఒక "టి". గూగులిస్తే 1ఏ అంటే ఎంఎంబీటీ 3904 అని వచ్చింది. ఆ టి ఏదో బ్యాచ్ నంబరయ్యుంటుందిలే అనుకుని కోఠీ గుజరాతీ గల్లీలో ఒకటి కొనుక్కొచ్చి అతికించా. పాడింది! మా ఆవిడ ముందు కాలరెగరేశా. మర్నాడు ఔటర్ రింగ్ రోడ్డెక్కి వాల్యూమ్ పెంచానో లేదో, టప్‌మని మళ్ళీ మూగనోము.

ఎక్కడ దెబ్బతిన్నానో అర్థం కావాలంటే కాస్త వెనక్కెళ్ళాలి.

1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో మొదటి ట్రాన్సిస్టర్ పనిచేసింది. ఆ తర్వాత రకాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చేసరికి పేర్లు పెట్టడం పెద్ద పనైంది. అమెరికాలో జెడెక్ పద్ధతి వచ్చింది: 2ఎన్ అని మొదలుపెట్టి, రిజిస్టరైన వరసలో ఒక నంబరు. ఆ నంబరు చూసి లోపలేముందో చెప్పలేం, మన ఎంప్లాయీ ఐడీలాగన్నమాట. కానీ ఒక నంబరు ఒక్కరికే. యూరప్‌వాళ్ళు 1966లో బ్రసెల్స్‌లో ప్రో ఎలక్ట్రాన్ అనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్ళ పేర్లకి అర్థం కూడా ఉంది. మొదటి అక్షరం ఏ అయితే జెర్మేనియం, బీ అయితే సిలికాన్. రెండోది సీ అయితే ఆడియోకి పనికొచ్చే చిన్న ట్రాన్సిస్టర్, డీ అయితే పవర్ ట్రాన్సిస్టర్. ఈడీసీ ల్యాబ్‌లో మనం కాల్చి పారేసిన బీసీ 107 ఈ బాపతే. ఇక జపాన్‌వాళ్ళకి 2ఎస్ఏ, 2ఎస్‌బీ అంటే పీఎన్‌పీ. 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అంటే ఎన్‌పీఎన్. ఒంటిమీద చోటు చాలక 2ఎస్ ఎగ్గొట్టి ఉత్త సీ1815 అని అచ్చేసేవారు. అయినా అర్థమైపోయేది.

అసలు తంటా సాట్-23 తో వచ్చింది. 1960ల చివర్లో ఫిలిప్స్ తయారుచేసిన ప్యాకేజీ ఇది. ఒళ్ళు మొత్తం 2.9 మిల్లీమీటర్ల పొడవు, 1.3 వెడల్పు. దానిమీద పూర్తిపేరు ఎక్కడ రాస్తారు? అందుకని రెండు మూడక్షరాల కోడ్ వేశారు. ఇక్కడే కిటుకుంది. పేరుకైతే రిజిస్టరుంది గానీ, కోడ్‌కి అందరికీ కలిపి ఒక రిజిస్టరంటూ లేదు. ఏ కంపెనీ ఇంట్లో ఆ కంపెనీయే నామకరణం చేసేసుకుంది.

ఫలితం చూడండి. ఫిలిప్స్ వేసిన 1ఏ అంటే బీసీ 846ఏ, తట్టుకునేది 65 వోల్టులు. ఫెయిర్‌చైల్డ్ వేసిన 1ఏ అంటే ఎంఎంబీటీ 3904, దానికి 40 వోల్టులే. ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ వేసిన 1ఏ అయితే ఐఆర్‌ఎల్‌ఎంఎల్ 2402, అంటే 20 వోల్టుల మాస్‌ఫెట్, జాతే వేరు! ముగ్గురికీ అదే ఒళ్ళు, అవే మూడు కాళ్ళు. ఊళ్ళో ముగ్గురు సుబ్బారావులుంటే ఇంటిపేరు చెప్పకుండా ఉత్తరం వేసినట్టు.

ఇంతకీ ఆ ఇంటిపేరు నా ట్రాన్సిస్టర్ మీదే ఉంది. ఫిలిప్స్‌వాళ్ళు కోడ్ పక్కన ఫ్యాక్టరీ గుర్తు వేస్తారు: చిన్న పి అయితే హాంగ్‌కాంగ్, చిన్న టి అయితే మలేషియా, పెద్ద డబ్ల్యూ అయితే చైనా. నేను బ్యాచ్ నంబరని కొట్టిపారేసిన టి, "నేను ఫిలిప్స్‌వాడి పిల్లనయ్యా" అని మొత్తుకుంటోందన్నమాట.

మరి ఒక పూట ఎలా పాడింది? ఈ ఆంప్లిఫయర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి ప్లస్ 30, మైనస్ 30 వోల్టులు తయారుచేసుకుంటుంది. పాట మెల్లగా ఉన్నంతసేపు ఆ ట్రాన్సిస్టర్ మీద పడేది 30 చుట్టుపక్కలే. గట్టిగా పెడితే ఒక్కో ఊపుకి 60 దాకా వెళ్తుంది. 40 వోల్టుల ప్రాణం ఎంతసేపు తట్టుకుంటుంది? బీసీ 846 వేశాక ఇప్పుడు రెండు ఛానెళ్ళూ పాడుతున్నాయి.

కాబట్టి నేను నేర్చుకున్న వరస ఇదీ. ముందు సర్క్యూట్‌లో దాని పనేంటో, మీద ఎన్ని వోల్టులు పడతాయో చూడాలి. రెండో ఛానెల్‌లో దాని కవల ఉంటుంది; దాన్ని ఊడదీసి, మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఎన్‌పీఎనా పీఎన్‌పీయా తేల్చుకోవాలి. కోడ్ చూసేది ఆఖర్న, అదీ తయారీదారు ఎవరో తెలిశాకే.

వైటూకే గుర్తుందా? రెండంకెల చోటు మిగుల్చుకోబోయి ప్రపంచం ఎంత ఖర్చుపెట్టిందో, మనవాళ్ళెంతమంది ఆ పుణ్యాన అమెరికా విమానమెక్కారో! ఇక్కడా జరిగింది అదే. కాకపోతే దీన్ని బాగుచేయడానికి ఎవరూ డబ్బులివ్వలేదు. బ్రిటన్‌లో ఒక హామ్ రేడియో ఔత్సాహికుడి లాంటివాళ్ళు సొంతంగా కోడ్‌ల పట్టికలు రాసిపెట్టారు, అంతే. ఈలోగా ఇంటిపేర్లు కూడా మారిపోయాయి: ఫిలిప్స్ సెమీకండక్టర్స్ 2006లో ఎన్‌ఎక్స్‌పీ అయింది, అందులోంచి ఈ చిన్న పార్టుల వ్యాపారం 2017లో నెక్స్‌పీరియాగా వేరుపడింది. ఫెయిర్‌చైల్డ్‌ని 2016లో ఆన్ సెమీకండక్టర్ కొనేసింది.

షాపతనికి ఫోన్ చేసి గొప్పగా చెప్పా, రెండు రూపాయల పార్టుతో బాగైపోయిందని. అతను నవ్వాడు. "సార్, దానికి మీకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాలకి నాకు కూలి ఎవరిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కోడ్ వేసినవాళ్ళ దగ్గరుండాలి.