పుచ్చకాయ జోకు పుట్టిన తేదీ (నవ్వుల చరిత్ర – 4)

అమెరికన్ మీమ్ పేజీలు చూసే మిత్రులకు ఈ బొమ్మ తెలిసే ఉంటుంది. ఒక నల్లజాతి మనిషి, ముందర పుచ్చకాయ ముక్క, పక్కన వేయించిన కోడి. నవ్వడానికి ఇంకేమీ అక్కర్లేదు. మన పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వి ఫార్వర్డ్ చేస్తున్నారు. పుచ్చకాయలో నవ్వొచ్చేది ఏముంది? ఎండాకాలం రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే కాయ. అన్ని కులాలూ తినే కాయ. అది ఒక జాతిని వెక్కిరించే గుర్తు ఎలా అయింది?

ఎలా అన్నది తెలియాలంటే ముందు ఎప్పుడు అన్నది చూడాలి.

బానిసత్వం నడిచిన రోజుల్లోనూ అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళు పుచ్చకాయలు పండించారు, తిన్నారు. అప్పటికి అది వాళ్ళ మీద జోకు కాలేదు. 1865లో అంతర్యుద్ధం ముగిసింది. 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. విముక్తులైనవాళ్ళకు భూములిస్తామన్న మాట ఆ ఏడాదే నీటిమూట అయింది. అయినా కొందరు దొరికిన కాస్త చెక్కలోనే పుచ్చపాదులు పెట్టారు. సొంతంగా పండించారు, బజారుకు తెచ్చి అమ్మారు, ఆ డబ్బు తమ జేబులోనే వేసుకున్నారు. బజారులో నిలబడి ధర చెప్పే నల్లమనిషి నిన్నటి యజమానికి కంట్లో నలుసయ్యాడు. చరిత్రకారుడు విలియం బ్లాక్ దీన్ని వివరంగా రాశాడు. స్వేచ్ఛకు గుర్తయిన కాయనే తెల్లవాళ్ళు సోమరితనానికీ, అశుభ్రతకూ, చిన్నపిల్లల బుద్ధికీ గుర్తుగా తిప్పేశారంటాడు ఆయన. పుచ్చకాయ తింటూ మైమరచిపోతున్న నల్లవాళ్ళ వ్యంగ్యచిత్రం 1869లోనే ఫ్రాంక్ లెస్లీస్ ఇల్లస్ట్రేటెడ్ న్యూస్‌పేపర్‌లో వచ్చింది. బహుశా అలాంటివాటిలో అదే మొదటిది. విముక్తి వచ్చి నాలుగేళ్ళు. వీళ్ళకా ఓటు, వీళ్ళకా పౌరసత్వం అని దేశం వాదించుకుంటున్న రోజులవి.

బొమ్మ పుట్టింది, ఇక తిరగాలి. 1898లో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు ముద్రాపకుల కార్డులను ఒక్క సెంటు స్టాంపుతో పంపనిచ్చింది. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అక్కడ తపాలాలో వెళ్ళిన కార్డులు 67 కోట్లకు పైనే. దేశ జనాభా అప్పటికి 9 కోట్లు కూడా లేదు! ఫార్వర్డ్ అంటే వాట్సాప్‌తోనే వచ్చిందనుకుంటాం గానీ, ఈ కార్డులు చేసిన పని అదే. పళ్ళికిలించి కాయ కొరుకుతున్న నల్లపిల్లల బొమ్మలు పండగ శుభాకాంక్షల్లా ఇంటింటికీ వెళ్ళాయి. చెట్టుకు ఉరేసిన నల్లమనిషి శవం చుట్టూ నిలబడి దిగిన ఫొటోలు కూడా కార్డులుగా అచ్చయి అదే తపాలా సంచిలో వెళ్ళాయి. హత్యకు ఉసిగొల్పే సామగ్రిని తపాలాలో నిషేధిస్తూ 1908లో చట్టం తెస్తే, వాటిని కవర్లలో పెట్టి పంపారు. నవ్వించే కార్డూ చంపిన కార్డూ వేరువేరని నాకెవరైనా చెబితే ఆ సంచి గుర్తుచేస్తాను.

ఇక 2009 జనవరి. ఒబామా శ్వేతసౌధంలో అడుగుపెట్టాడు. ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని లాస్ అలమిటోస్ మేయర్ డీన్ గ్రోస్ ఒక బొమ్మ ఈమెయిల్ చేశాడు: శ్వేతసౌధం ముందు పచ్చిక నిండా పుచ్చకాయలు. గొడవ కావడంతో మేయర్ పదవి వదులుకుంటానన్నాడు. పుచ్చకాయకీ నల్లవాళ్ళకీ ముడిపెట్టే వెక్కిరింత ఒకటుందని తనకు తెలియదన్నాడు. తెలియకుండానే సరిగ్గా ఆ కాయే దొరికింది పాపం. 2014 నవంబరులో జాక్వెలిన్ వుడ్సన్ తన బాల్యం గురించి కవిత్వంలో రాసిన పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. వేదిక మీద వ్యాఖ్యాత, రచయిత డేనియల్ హ్యాండ్లర్ ఆమెకు పుచ్చకాయ పడదన్న సంగతి చెప్పి నవ్వించాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. వుడ్సన్ న్యూయార్క్ టైమ్స్‌లో ఆ జోకు చేసిన గాయం గురించి రాసింది. సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ ఉదాహరణ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. పుస్తకం గెలిచిన రాత్రి కాయ గుర్తొచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టండి. 1865 తర్వాత 1869. జనవరి తర్వాత ఫిబ్రవరి. అవార్డు వచ్చిన అదే రాత్రి. మనిషి ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా జోకు బయటికొస్తోంది.

మన దగ్గరి తేదీలు కూడా చూద్దాం. జాతి, కులం ఒకటి కావు, నిజమే. ఈ లెక్క మాత్రం రెండుచోట్లా సరిపోతోంది. విజయవాడకు చెందిన ఉన్నమతి శ్యామసుందర్ అంబేడ్కర్ మీద పత్రికల్లో వచ్చిన కార్టూన్లను ఏరి, 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' పుస్తకం తెచ్చాడు. అందులో నూరుకు పైగా బొమ్మలున్నాయి, 1932 నుంచి 1948 దాకా. 1932 అంటే కమ్యూనల్ అవార్డు, పూనా ఒప్పందం జరిగిన ఏడాది. 1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించగానే వ్యతిరేకులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ కోటా అనగానే వైద్య విద్యార్థులు మళ్ళీ చీపుర్లు పట్టారు. మన తల్లిదండ్రుల రోజువారీ పని వాళ్ళకు ఒక పూట వేషం. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళను అనుకరించిన తెల్లనటుల వేషానికీ దీనికీ తేడా నాకు కనిపించదు. పేషెంటు కడుపులో కత్తెర మరిచిన 'కోటా డాక్టరు' మీమ్ ఆ వీధి నాటకానికి ఫోన్ రూపం.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ కాలేజీ గ్రూపులో ఇలాంటిది వచ్చినప్పుడు వెంటనే డిలీట్ చేయకండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆ వారం ఏ ర్యాంకులు వచ్చాయి, ఏ కౌన్సెలింగ్ జరిగింది, మనవాళ్ళలో ఎవరికి సీటు వచ్చింది, అదీ పక్కన రాసి పెట్టండి. కామెంట్లలో కాకుండా ఇన్‌బాక్స్‌కి పంపండి, పేర్లు చెరిపేసి.