నరం దొరకాలి

డయాలసిస్ గదిలో రోగిని అన్నిటికన్నా భయపెట్టే మాట "నరం దొరకడం లేదు" అన్నది. యంత్రం ఉంటుంది, నర్సు ఉంటుంది. రక్తం బయటికొచ్చి శుద్ధి అయి మళ్లీ ఒంట్లోకి వెళ్లే దారే ఉండదు. ఎనభై ఏళ్ల డయాలసిస్ చరిత్రలో పెద్ద పోరాటం ఈ దారి కోసమే జరిగింది.

1943లో, జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో వైద్యుడు విల్లెం కోల్ఫ్ సాసేజ్‌లు చుట్టే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి రక్తాన్ని శుద్ధి చేశాడు. యంత్రం పనిచేసింది. కానీ ప్రతిసారీ కొత్తగా ఒక రక్తనాళాన్ని కోయాలి. తొలి రోగుల్లో ఒక యువతికి 12 సార్లు చేశాక కోయడానికి నాళమే మిగల్లేదు. ఆమె దక్కలేదు.

1960లో సియాటిల్‌లో వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ధమనికీ సిరకూ టెఫ్లాన్ గొట్టాలు అమర్చి, చర్మం పైన వాటిని కలిపి ఉంచాడు. ఆయన తొలి రోగి మరో 11 ఏళ్లు బతికాడు. అయితే ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టేది, చర్మం దగ్గర చీము పట్టేది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిమినో చదువుకునే రోజుల్లో రోగుల రక్తం తీసే పని చేశాడు. కొరియా యుద్ధంలో గాయపడి ధమనీ సిరా కలిసిపోయిన సైనికుల చేతుల్లో సిరలు తాళ్లలా ఉబ్బి ఉండటం అప్పుడే చూశాడు. గాయం చేసిన ఆ పనిని కత్తితో మనమే చేస్తే? 1965 ఫిబ్రవరిలో సర్జన్ కెన్నెత్ అపెల్ మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టాడు. ఆ కలయికనే ఫిస్టులా అంటారు. తోటి వైద్యుడు మైకేల్ బ్రెషియాతో కలిసి వాళ్లు 1966లో ఆ ఫలితాలను ప్రచురించారు. పరాయి గొట్టం లేదు, రోగి సొంత నాళమే దారి. నా లెక్కలో దాన్ని మించిన దారి నేటికీ లేదు.

చిక్కల్లా ఆ ఫిస్టులా పక్వానికి రావడమే. ధమని ఒత్తిడికి సిర వెడల్పై, గోడ గట్టిపడాలి. ఆరు వారాలకు 6 మి.మీ. వెడల్పు, చర్మానికి 6 మి.మీ. లోపే లోతు, నిమిషానికి 600 మి.లీ. ప్రవాహం ఉండాలన్నది వైద్యుల గుర్తు. చాలామందికి, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి ఇది సులువుగా కుదరదు.

అందుకే రోగి చేతికి రబ్బరు బంతి ఇస్తారు. పిడికిలి బిగిస్తే కండరాలకు ఎక్కువ రక్తం కావాలి; ప్రవాహం పెరిగి నాళం గోడను ఒరుసుకుంటుంది; లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసి నాళాన్ని విచ్చుకునేలా చేస్తుంది. సిద్ధాంతం చక్కగా ఉంది. 2003 నుంచి అమెరికా, ఇరాన్, స్పెయిన్‌లలో పరీక్షించి చూస్తే మాత్రం ఫలితాలు ఒకేలా రాలేదు. 2019 అమెరికా మార్గదర్శకాలు వేళ్ల వ్యాయామం కన్నా చెయ్యంతటికీ వ్యాయామం మేలన్నాయి. బంతి ఒక్కటే గట్టెక్కించదు. అయినా పైసా ఖర్చు లేని పని; కుట్లు మానాక డాక్టరు సరేనంటే మానొద్దు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇన్నేళ్లుగా కిడ్నీలు పాడవుతున్న ఇళ్లలో ఈ కబురు ముందే చేరాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసిన రోజు నుంచే, వాడుక తక్కువున్న చేతిని సూదులకు ఇవ్వకండి. డయాలసిస్ తప్పదంటే ఫిస్టులా ఎప్పుడు చేయించుకోవాలో ముందే అడగండి. ఆపరేషన్ అయ్యాక రోజూ దానిపై వేళ్లు ఆనించి చూడండి: తేనెటీగ గుయ్‌మన్నట్టు అదురు తెలియాలి. అది ఆగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.