ప్యాలెటైజర్

బస్తాలు, అట్టపెట్టెలు, డబ్బాలు మొదలైన సరకులను ప్యాలెట్ అనే చదునైన చట్రం మీద వరుసలుగా పేర్చే యంత్రాన్ని '''ప్యాలెటైజర్''' అంటారు. ప్యాలెట్‌ను సాధారణంగా కొయ్యతో గాని ప్లాస్టిక్‌తో గాని తయారుచేస్తారు. దాని అడుగున ఉన్న ఖాళీలోకి ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములను దూర్చి మొత్తం బరువును ఒక్కసారిగా ఎత్తవచ్చు. గిడ్డంగులలో హమాలీలు బస్తాలను నెట్టు కట్టే పనికి ఇది యంత్రరూపం.

== చరిత్ర ==
మొదటి యాంత్రిక ప్యాలెటైజర్‌ను 1948లో అమెరికాకు చెందిన లామ్సన్ కార్పొరేషన్ నిర్మించింది. 1980ల నుండి ఈ పనికి రోబోల వాడకం మొదలైంది.

== పనిచేసే విధానం ==
నింపి కుట్టిన బస్తాలు కన్వేయర్ పట్టీ మీద ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రోలర్లు వాటిని అదిమి చదును చేస్తాయి. తరువాత యంత్రం ఒక్కొక్క బస్తాను కావలసిన దిశకు త్రిప్పి వరుసలో అమరుస్తుంది. వరుసకు 5 బస్తాల అమరికలో రెండు నిలువుగా, మూడు అడ్డంగా ఉంటాయి. పై వరుసలో ఈ అమరిక తారుమారవుతుంది. గోడ కట్టేటప్పుడు అతుకు మీద అతుకు రాకుండా చూడడం వంటిదే ఇది. చివరకు పలుచని ప్లాస్టిక్ పొరను చుట్టూ బిగిస్తారు.

== రకాలు ==
* '''వరుస ప్యాలెటైజర్''': ఒక వరుస మొత్తాన్ని కూర్చి ఒకేసారి ప్యాలెట్ మీదకు దించుతుంది. ఒకే రకమైన సరకు ఎక్కువగా వచ్చే కర్మాగారాలకు అనుకూలం.
* '''రోబో ప్యాలెటైజర్''': పెట్టెలను గాలి పీల్చే గిన్నెలతోను, బస్తాలను వేళ్ళవంటి పట్టుకొక్కేలతోను ఎత్తుతుంది. అమరికను ప్రోగ్రాము ద్వారా మార్చవచ్చు. ప్రమాదం జరగకుండా దీని చుట్టూ కంచె కడతారు.

== శ్రమ, ఆరోగ్యం ==
50 కిలోల బస్తాలు 30 పేరిస్తే ఒక ప్యాలెట్ మీద 1500 కిలోల బరువు చేరుతుంది. చేతితో పేర్చినప్పుడు ఈ బరువంతా మనిషి నడుము మీదుగానే సాగుతుంది. పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. భారతదేశంలో యూరియా బస్తా బరువును 2018లో 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గించారు; ఎరువుల వాడకాన్ని తగ్గించడం దీని ఉద్దేశం. అయితే హమాలీలకు కూలి సాధారణంగా బస్తా లెక్కన ముడుతుంది. అందువల్ల యంత్రం నడుమును కాపాడినా, ఆ మేరకు కూలిని తగ్గిస్తుంది. ఇటువంటి కార్మికుల ఉపాధి, సంక్షేమాల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేయబడింది.

== పరిమితులు ==
బస్తాలన్నీ ఒకే కొలతలో, ఒకే బరువుతో ఉన్నప్పుడే ఈ యంత్రం చక్కగా పనిచేస్తుంది. ఖమ్మం జిల్లా కారేపల్లి పరిసరాలలో పండే మిర్చిని గోనె సంచులలో కూరి నింపుతారు. అవి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ఉబ్బి ఉంటాయి. కొనుగోలు కేంద్రాలలో ధాన్యాన్ని 40 కిలోల చొప్పున తూచినా, బస్తాలను కల్లం వద్దనే లారీకి ఎత్తాలి. అక్కడ కన్వేయర్ గాని ప్యాలెట్ గాని ఉండదు. కనుక ప్యాలెటైజర్ కర్మాగారం లోపలి పనిని మార్చగలిగినా, పొలం నుండి మార్కెట్ యార్డు వరకు బరువు మోసేది ప్రధానంగా హమాలీలే.

== ఇవి కూడా చూడండి ==
* హమాలీ
* ఫోర్క్‌లిఫ్ట్
* గిడ్డంగి