పాస్‌పోర్టులో ఆ మూడక్షరాలు

మణుగూరులో వెల్డింగు, క్రేను, డంపరు పని చేతికొచ్చిన కుర్రాళ్లకు కొదవ లేదు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, అశ్వాపురం భారజల కర్మాగారం, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం దగ్గర్లోనే ఉన్నాయి. వీళ్లలో ఎవరైనా దుబాయికో ఖతర్‌కో పోదామని పాస్‌పోర్టు తీసుకుంటే, పదో తరగతి గట్టెక్కినవాడి పుస్తకం ఒకలా, మధ్యలో బడి మానేసినవాడి పుస్తకం మరోలా వస్తుంది. రెండోదానిలో ఈసీఆర్ అని ఉంటుంది. ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్. అంటే, పని కోసం దేశం దాటే ముందు ప్రభుత్వం నీ కాగితాలు చూడాలి. ఏజెన్సీ ఊళ్లలో బడి మానేసిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, ఈ మూడక్షరాల సంగతి మనకు బాగా తెలిసుండాలి.

ఈ కాగితాలేవీ లేకుండా మనవాళ్లు పరదేశం పోయిన కాలమూ ఉంది. మణుగూరు పక్కనుంచి పారే గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే కోరంగి రేవు ఉండేది. కోస్తా రేవుల నుంచి ఓడెక్కి తెలుగువాళ్లు రంగూన్ చేరేవారు. బర్మాలో తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరే నిలిచిపోయింది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అందుకే పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ మాట, ఓడ టికెట్టు ఉంటే చాలు. కానీ 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగినప్పుడు, 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే జనం కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినప్పుడు, మేస్త్రీ మాట ఎవరినీ ఆదుకోలేదు.

సముద్రాలవతల చెరకు తోటలకు వెళ్లినవాళ్ల కథ వేరు. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. దానిలో 342 మంది ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లిన ఓడల పట్టీల్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంటుంది. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు. కూలీ ఇష్టపడే వెళుతున్నాడా, షరతులు అతనికి తెలుసా అని చూడటానికి రేవులో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి ఉండేవాడు. పేరుకి రక్షకుడే. అవతల దిగాక మాత్రం యజమాని చీటీ లేకుండా తోట దాటితే శిక్ష. ఇన్ని వివరాలు రాసుకున్న ప్రభుత్వం ఆ మనిషి అక్కడ ఎలా బతుకుతున్నాడో అంత శ్రద్ధగా చూడలేదన్నది నా బాధ. అయినా ఈ రోజు దక్షిణాఫ్రికాలో, ఫిజీలో పూర్వీకుల ఊరు వెతుక్కునే తెలుగువాళ్లకు దారి చూపుతున్నవి ఆ కాగితాలే.

పాస్‌పోర్టు పుస్తకం మరో దారిలో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో దేశాలు సరిహద్దులు బిగించాయి. 1920లో పారిస్‌లో నానాజాతి సమితి జరిపిన సమావేశం పుస్తకం ఎలా ఉండాలో ఒక నమూనా సూచించింది. మన దేశంలో పాస్‌పోర్టు ఇవ్వడం చాలాకాలం ప్రభుత్వం దయమీదే ఆధారపడింది. విదేశయానం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు 1967లో తేల్చాకే, అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

కూలీల వలస తనిఖీ, పాస్‌పోర్టు పుస్తకం ఒకచోట కలిసింది 1983లో. గల్ఫ్ చమురు డబ్బు కార్మికులను పిలుస్తున్న కాలమది. 1922 నాటి వలస చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చారు. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అన్న పాత పదవిని మాత్రం ఉంచారు. హైదరాబాదులో ఆ కార్యాలయం ఇప్పటికీ ఉంది. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు అట్ట ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించి, విమర్శలు రాగానే ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకుంది. మంచి పని చేసింది. పేదవాడి చదువు ఎంతో విమానాశ్రయంలో అందరికీ చాటనక్కర్లేదు.

తనిఖీ మాత్రం అక్కరకొచ్చేదే. సౌదీ, కువైట్, ఒమన్, మలేసియా వంటి 18 దేశాలకు పని మీద వెళ్లే ఈసీఆర్ వాళ్లకే అది వర్తిస్తుంది. చుట్టపుచూపుగానో విహారానికో వెళితే అక్కర్లేదు. ఏజెంట్లు పట్టుకునే సందు ఇదే. ‘విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికెళ్లాక మార్పిస్తా’ అంటారు. లేదంటే, వీసా ఇచ్చినవాడి దగ్గర పని ఉండని ‘ఆజాద్ వీసా’ అమ్ముతారు. అలా వెళ్లి ఖల్లివెల్లి అయినవాళ్లు, అంటే సరైన కాగితాలు లేకుండా మిగిలినవాళ్లు, యజమాని జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి జంకుతారు. ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్ ద్వారా వెళితే ఒప్పందం ప్రభుత్వ లెక్కలో ఉంటుంది, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ముందే తెలుస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షల దాకా ఉంటుంది. పది పాసైనవాళ్లకు తనిఖీ లేదు కదా అని లైసెన్సు చూడకుండా డబ్బు కట్టేయొద్దు.

దరఖాస్తులో ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయకండి, పూర్తిగా రాయండి. పేరు గడి ఒక్కటే నింపి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచిన పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. పుస్తకం గడువు కనీసం ఆరు నెలలు మిగిలుండాలి. అమ్మ కట్టిచ్చే మసాలా మూటలో గసగసాలు ఉన్నాయేమో తప్పక చూసుకోండి. గల్ఫ్ దేశాల్లో అవి నిషిద్ధం, దొరికితే జైలుకు పోవాల్సి రావచ్చు. మందులుంటే డాక్టరు చీటీ వెంట ఉండాలి.

దిగాక యజమాని పాస్‌పోర్టు అడిగి దాచుకుంటానంటే ఒప్పుకోవద్దు. మన చట్టం ప్రకారం ఆ పుస్తకం కేంద్రప్రభుత్వ ఆస్తి. ఖతర్‌లో 2015 నాటి చట్టం కూడా కార్మికుడి పాస్‌పోర్టు పట్టి ఉంచుకుంటే 25,000 రియాళ్ల దాకా జరిమానా అంటోంది. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు నకళ్లు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి, ఏదైనా జరిగితే రాయబార కార్యాలయం మొదట అడిగేవి అవే.