జపాను గృహములలో నాగార్జునాచార్యుడు

కృష్ణాతీరమందలి శ్రీపర్వతమున బౌద్ధధర్మము ఒకప్పుడు మిక్కిలి వెలుగొందెను. నేడు ఆ కొండకు నాగార్జునకొండయని పేరు. కాని ఆ ఆచార్యుని నిత్యము స్మరించు తెలుగు గృహములు అరుదు. సముద్రముల కావలనున్న జపానులోనన్ననో, ఆయన నామము నేటికిని ప్రార్థనలలో వినవచ్చుచున్నది. ఈ వింతను చదువరులకు సంగ్రహముగా మనవి చేయుచున్నాను.

నాగార్జునుడు సుమారు క్రీ.శ. 2వ శతాబ్దమువాడు. శాతవాహన ప్రభువునకు మిత్రుడై శ్రీపర్వతమున వసించెనని సంప్రదాయము. ఆయన మధ్యమకశాస్త్రమును 409లో కుమారజీవుడు చీనాభాషలోనికి పరివర్తించెను. 6వ శతాబ్ది మధ్యమున కొరియానుండి జపానునకు బౌద్ధము చేరెను. షోతోకు యువరాజు దాని నాదరించెను. 625లో ఎకాన్ అను కొరియా భిక్షువు నాగార్జునుని సిద్ధాంతము నచ్చట బోధించెను. 752లో నారా నగరమున మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించినవాడు మన దేశమునుండి వెళ్లిన బోధిసేనుడే.

జపానీయులు నాగార్జునుని ర్యూజు అందురు. 'ర్యూ' యనగా నాగము, 'జు' యనగా వృక్షము. అర్జునమనగా మన మద్దిచెట్టే గదా! ఎనిమిది శాఖలకు మూలపురుషుడని ఆయనకు అచ్చట ప్రశస్తి. 13వ శతాబ్దమున షిన్రాన్ రచించిన షోషింగే యను స్తోత్రమునందు ఆయన నామము గలదు. 15వ శతాబ్దమున రెన్యో అను ఆచార్యుడు దానిని సామాన్య కుటుంబములకు నిత్యపారాయణముగా నేర్పరచెను.

జపానులో అనేక గృహములందు బుత్సుదాన్ అను చిన్న పూజామందిరముండును. దానియెదుట దీపధూపములుంచి, అన్నము నివేదించి, గతించిన పెద్దలను తలంతురు. వేసవిలో వచ్చు ఓబోన్ పండుగకు పితరులు ఇంటికి వత్తురని వారి విశ్వాసము. ఇది మన మహాలయపక్షమును తలపించును. శిశువు పుట్టినప్పుడు షింతో దేవాలయమునకేగు కుటుంబమే అంత్యక్రియలకు బౌద్ధాచార్యుని పిలుచుట అచ్చట సర్వసాధారణము.

1868లో నూతన ప్రభుత్వము షింతో, బౌద్ధములను వేరుచేసెను. పెక్కు ఆలయములు పాడైనవి, విగ్రహములు భగ్నమైనవి. అయినను ఇంటి పూజ నిలిచెను. మన శ్రీపర్వత విహారములన్ననో ఇక్ష్వాకుల దానములతో వర్ధిల్లి, వారి పాలన ముగిసిన పిమ్మట క్షీణించెను. 1926లో ఆ శిథిలములు మరల వెలుగుచూచెను. 1954 మొదలు త్రవ్వకములు జరిపి, జలాశయమున మునుగకుండ కొన్ని కట్టడములను కొండపైకి తరలించిరి.

రాజాదరము పోయినను ఇల్లు కాపాడిన ధర్మము నిలుచునని దీనివలన తెలియుచున్నది. బళేపేటవంటి చోట్ల తరతరములుగా స్థిరపడిన మనకు ఇది ముఖ్యము. మన బిడ్డలకు బడిలో కన్నడము, ఇంగ్లీషు వచ్చును. తెలుగు మాత్రము ఇంటనే రావలెను. సంఘము ఏటేట సభ జరుపవచ్చును, సంచిక వెలువరింపవచ్చును. అవి దానశాసనములవంటివి. ప్రతిదినము సంధ్యవేళ దీపము పెట్టినపుడు బిడ్డచేత ఒక్క తెలుగు పద్యము చదివించుట మన చేతిలోనే యున్నది.